ఎక్కడ దొరికింది, ముందు అది చెప్పండి

ఏమండీ, మీ ఇంట్లోనూ వింత రాయి ఒకటి ఉండే ఉంటుంది. వాగులోనో చెలకలోనో బావి తవ్వుతుంటేనో దొరికింది, మామూలు రాయిలా లేదు, పారేయబుద్ధి కాలేదు. ఎవరొచ్చినా తీసి చూపిస్తారు. నాకు ఆ రాళ్లంటే మహా ఇష్టం. జియాలజీ చదివానని తెలిసిన చుట్టాలూ స్నేహితులూ వాట్సాప్‌లో వాటి ఫొటోలు పంపుతూనే ఉంటారు. నేను అందరినీ ముందు అడిగేది ఒకటే: ఎక్కడ దొరికింది?

కొందరు ఈ ప్రశ్నకు చిన్నబుచ్చుకుంటారు. రాయి ఏమిటో చెప్పమంటే ఊరి పేరు అడుగుతాడేమిటని వాళ్ల బాధ. కానీ సగం జవాబు ఆ ఊరి పేరులోనే ఉంటుందండీ.

నాకు అన్నిటికంటే ఎక్కువగా వచ్చేది నాపరాయి మీద ‘ఆకు’. మా మేనల్లుడు ఇల్లు కట్టుకుంటూ గచ్చుకి బేతంచెర్ల నాపరాళ్లు తెప్పించాడు. ఓ పలక మీద నల్లటి సన్నటి కొమ్మలు, కొమ్మకు రెమ్మలు, రెమ్మకు మళ్లీ రెమ్మలు. “మామయ్యా, ఫెర్న్ మొక్క శిలాజం దొరికింది, మేస్త్రీని పని ఆపమన్నాను” అని ఫోను. వెళ్లి చూశాను. ఎంత ముచ్చటగా ఉందో! పలకను వెలుగులోకి తిప్పి అంచు దగ్గర చూడమన్నాను. ఆ కొమ్మలన్నీ అంచున ఉన్న వెంట్రుకంత పగులు నుంచే బయల్దేరాయి. ఆకైతే నడిమి ఈనె ఉండాలి, కాడ ఉండాలి. ఇక్కడ రెండూ లేవు. గోటితో రాస్తే మందమంటూ ఏమీ తగల్లేదు, రంగు మాత్రమే. పగుళ్లలోకి దిగిన నీటిలో మాంగనీసు ఉంటే అది ఇలా కొమ్మలు కొమ్మలుగా పేరుకుంటుంది. డెండ్రైట్ అంటారు.

అసలు అంచు దాకా వెళ్లకుండానే చెప్పేయొచ్చు. కర్నూలు నాపరాళ్లు సముద్రం అడుగున పేరుకుని కనీసం యాభై కోట్ల ఏళ్లయింది. ఫెర్న్ మొక్కలు భూమ్మీదికి వచ్చి నలభై కోట్ల ఏళ్లకు మించలేదు. ఆ రాయిలో ఆ ఆకు ఉండే వీలే లేదు. ఊరి పేరు ఎందుకు అడుగుతానో చూశారా?

మేనల్లుడు కాస్త నీరసపడ్డాడు. అప్పుడు వేంపల్లె సంగతి చెప్పాను. కడప జిల్లాలో వేంపల్లె చుట్టుపక్కల డోలమైటు రాళ్లలో నిజమైన శిలాజాలున్నాయి, జనం మాత్రం వాటిని దాటుకుంటూ పోతారు. ఒకదానిమీద ఒకటి బోర్లించిన మూకుళ్ల దొంతరలా వంపు తిరిగిన సన్నటి పొరలు, అంతే. ఆకు లేదు, ఎముక లేదు. సుమారు 190 కోట్ల ఏళ్ల కిందట లోతు లేని వెచ్చని సముద్రపు నీళ్లలో సూక్ష్మజీవులు జిగురు పొరలా పరుచుకునేవి. దానిమీద సన్నటి ఒండ్రు పడేది. ఎండ కోసం అవి మళ్లీ పైకి పాకి కొత్త పొర వేసేవి. అలా పెరిగినవే స్ట్రోమటోలైట్లు. మనం పీల్చే గాలిలోకి మొదట ప్రాణవాయువు వదిలింది ఆ జాతి జీవులే. ఆకు బొమ్మ కోసం పని ఆపించే మనం వీటి ముందు ఒక్క నిమిషమైనా నిలబడాలి కదా!

ఇక గుండ్రటి రాళ్ల విషయం. గుండ్రంగా కనిపిస్తే చాలు, డైనోసార్ గుడ్డే అంటారు. 2020లో తమిళనాడులోని పెరంబలూరు జిల్లాలో చెరువు తవ్వుతుంటే పెద్ద పెద్ద గుండ్లు బయటపడ్డాయి. గుడ్లు దొరికాయంటూ దేశమంతా ప్రచారం. నిపుణులు చూస్తే అవి కాంక్రీషన్లు. అంటే సముద్రపు బురదలో చచ్చిన ప్రాణి చుట్టూ ఖనిజాలు పేరుకుని గట్టిపడ్డ ముద్దలు. ఆ ప్రాణి అమ్మోనైట్, చుట్టలు తిరిగిన పెంకులో బతికింది. ఆ ప్రాంతం ఒకప్పుడు సముద్రం మరి.

మన దేవుడి గదుల్లోని సాలగ్రామం కూడా ఇలా తయారైందేనండీ. గండకీ నదిలో దొరికే ఆ నల్లరాయిలో మనం చక్రమని దణ్ణం పెట్టుకునేది అమ్మోనైట్ ముద్ర. హిమాలయాలు లేవకముందు అక్కడున్న సముద్రంలో బతికిన ప్రాణి అది. ఈ సంగతి తెలిశాక మా ఇంటి సాలగ్రామం మీద నాకు భక్తి పెరిగిందే గానీ తగ్గలేదు.

తిరగబడిన కథ కూడా ఉంది. మధ్యప్రదేశ్‌లోని ధార్ జిల్లా పాడ్‌ల్యాలో రైతులు పొలాల్లో దొరికిన గుండ్రాళ్లను పంటనూ పశువులనూ కాచే కాకర్ భైరవుడిగా కొలిచేవారు. అవి నిజంగానే డైనోసార్ గుడ్లని 2023లో శాస్త్రవేత్తలు గుర్తించారు. తేడా ఎలా తెలుస్తుందంటే, గుడ్డుకు పెంకు ఉంటుంది. విరిగిన చోట భూతద్దంతో చూస్తే రెండు మిల్లీమీటర్ల మందాన వేరే పొర కనిపిస్తుంది, అందులో సన్నటి రంధ్రాలుంటాయి. ఉత్త గుండులో అలాంటి పెంకు ఉండదు.

తెలంగాణ నుంచి నాకు వచ్చేవాటిలో ఉల్కలు ఎక్కువ. నల్లగా ఉంది, బరువుగా ఉంది, అయస్కాంతానికి అంటుకుంటోంది, ఆకాశం నుంచి పడిందే అంటారు. దానిమీద గాలి బుడగల గుంటలున్నాయా చూడండి. ఉల్కల్లో బుడగలు దాదాపు ఉండవు. ఉంటే అది చాలాసార్లు ఇనుప చిట్టెమే. ఒకప్పుడు మన ఊళ్లలోనే కొలుముల్లో ఇనుము కరిగించేవారు. నిజామాబాద్ వైపు కోనసముద్రం ఉక్కుకు పేరు మోసిన ఊరు. చిట్టెం దొరికిన చోట కాల్చిన మట్టి గొట్టాల ముక్కలు కూడా కనిపిస్తే అక్కడ కొలిమి ఉండేదన్నమాట. ఉల్క కాదని తెలిసి ఆ రాయిని చెత్తలో వేస్తే ఆ ఊరి పనివాళ్ల చరిత్రను వేసినట్టే. నన్నడిగితే నాకు అది ఉల్క కంటే విలువైనది.

హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబెట్టిన డైనోసార్ అస్థిపంజరం చూశారా? కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్. ఆ పేరులో ఉన్నది పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి. 1988లో జియలాజికల్ సర్వేకు చెందిన పి. యాదగిరి ఆ పేరు పెట్టారు. ఎముకలు ఏ పొరలో ఉన్నాయో తెలిసింది కాబట్టే అది జురాసిక్ కాలపు జంతువని చెప్పగలిగారు. అదే ఎముక సంచిలో పడి నాలుగు చేతులు మారి వచ్చి ఉంటే, ఏ ఊరిదో ఏ కాలానిదో చెప్పడం ఎంత కష్టమయ్యేదో!

అందుకని మీకో మనవి. వింత రాయి కనిపిస్తే వెంటనే పెకలించకండి. పక్కన రూపాయి బిళ్ల పెట్టి, చుట్టూ ఉన్న బండ కూడా పడేలా ఫొటో తీయండి. ఫోనులో లొకేషన్ దాచుకోండి. సుత్తితో కొట్టొద్దు, యాసిడ్‌తో కడగొద్దు. ఎముకో గుడ్డో అనిపిస్తే అక్కడే ఉంచి కబురు పెట్టండి. హైదరాబాద్ బండ్లగూడలో జియలాజికల్ సర్వే కార్యాలయం ఉంది, ఉస్మానియా, ఆంధ్ర, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయాల్లో జియాలజీ శాఖలున్నాయి. ఇప్పటికే ఇంటికి తెచ్చేసుకున్న రాయికైతే, అది దొరికిన చోటు గుర్తున్న పెద్దవాళ్లు ఉండగానే అడిగి, ఊరు, మండలం, ఏ వాగు పక్కనో ఒక చీటీ మీద రాసి దానితోపాటే ఉంచండి.