గోధుమ రంగు పట్టని గ్రంథులు

హైదరాబాద్‌లో ఒక క్యాన్సర్ ఆసుపత్రి పాథాలజీ ల్యాబ్ అది. గుమ్మంలోనే ఫార్మలిన్ ఘాటు కళ్లకు తగిలింది. ప్రోస్టేట్ నుంచి సూదితో తీసిన ముక్క దాదాపు మిల్లీమీటరు మందం ఉంటుంది, అంతే. దాన్ని మైనపు దిమ్మలో బిగించి టెక్నీషియన్ పలచటి పొరలు కోస్తున్నాడు. నీళ్లలో తేలే పొరను నలగనివ్వకుండా గాజుపలక మీదికి ఎత్తే ఆ నేర్పు చూస్తూ చాలాసేపు నిలబడిపోయాను.

"ఇలా కూర్చోండి, ముందు మంచి గ్రంథి చూడండి" అన్నారు డాక్టరమ్మ. పీటెన్ అనే ప్రోటీన్ ఉన్నచోట గోధుమ రంగు పట్టేలా అద్దకం వేశారు. మామూలు గ్రంథుల నిండా ఆ రంగే. స్లైడు కాస్త జరిపారు. కిక్కిరిసిన క్యాన్సర్ గ్రంథులు, రంగు లేదు. "పక్క కణాలకు పట్టింది కదా, అద్దకం సరిగానే ఉంది. ఇక్కడ ప్రోటీనే లేదు. చాలాసార్లు జన్యువు ఊడిపోవడమే కారణం."

పదో క్రోమోజోమ్ మీది ఈ జన్యువును 1997లో గుర్తించారు. పెరగమని, చావొద్దని కణాన్ని ఉసిగొల్పే ఏకేటీ అనే ప్రోటీన్‌ను ఇది అదుపులో పెడుతుంది. ప్రోస్టేట్ కణాలకు రెండో ఊతం టెస్టోస్టిరాన్. అది ఆండ్రోజెన్ రిసెప్టర్‌ను తాకితే, రిసెప్టర్ కేంద్రకంలోకి వెళ్లి జన్యువులను పనిలో పెడుతుంది. ఈ హార్మోన్‌ను ఆపితే ముదిరిన జబ్బు తగ్గుతుందని చార్లెస్ హగిన్స్ 1941లోనే చూపించాడు. నేటికీ వైద్యానికి పునాది అదే. అయినా చాలామందిలో జబ్బు మళ్లీ లేస్తుంది.

ఒక తూము మూస్తే రెండో తూములో ఉరవడి పెరిగినట్టు, రిసెప్టర్‌ను అణిచేస్తే ఏకేటీ విజృంభిస్తుంది, ఏకేటీ దారి మూస్తే రిసెప్టర్ చురుకవుతుంది. న్యూయార్క్‌లోని స్లోన్ కెటరింగ్ క్యాన్సర్ కేంద్రం పరిశోధకులు 2011లో పీటెన్ లేని ఎలుకల్లో దీన్ని చూపించారు. రెండూ కలిపి మూస్తే కణితులు బాగా కుంచించుకుపోయాయి. మనుషుల్లో అంత ఫలితం రాలేదు. ఏకేటీని అడ్డుకునే ఇపటాసెర్టిబ్‌ను, హార్మోన్ తయారీని ఆపే అబిరటెరోన్‌తో కలిపి ఇస్తే, పీటెన్ పోయినవాళ్లలో జబ్బు ముదరడం కొంత ఆలస్యమైంది. విరేచనాలు, దద్దుర్లు మాత్రం ఎక్కువయ్యాయి. ఇన్సులిన్‌దీ అదే దారి కాబట్టి షుగరూ పెరిగింది. ఆ మేరకే అయినా, ఎవరికి ఏ మందో తేల్చేందుకు ఈ అద్దకం అవసరమనే నా నమ్మకం.

"అందరికీ వేస్తారా?" అని అడిగాను.

"లేదండీ, వైద్యుడు కోరితేనే. మూత్రం ఇబ్బందిని వయసు మీదికి నెట్టేసి, ఎముకల నొప్పి మొదలయ్యాక వస్తారు పెద్దాయనలు. అప్పుడు హడావుడంతా హార్మోన్ ఆపే ఇంజెక్షన్ గురించే. అందుకే దిమ్మలు, రిపోర్టు జాగ్రత్త చేసుకోమని ఇంటివాళ్లకు చెబుతాను. మైనపు దిమ్మ ఏళ్లు గడిచినా పనికొస్తుంది. తగిన మందు వస్తే అందులోంచే ఇంకో పొర కోసి చూడొచ్చు."