సొంత భాషలో పాట

యూరోవిజన్ పాటల పోటీలో ఎవరి దేశభాషలో వారు పాడాలన్న నిబంధన 1999లో పోయింది. ఆ తర్వాత ఇంగ్లీషు పాటలే వెల్లువెత్తాయి. నాకది బాధ. 2017లో కీవ్‌లో పోర్చుగల్ గాయకుడు సాల్వడోర్ సొబ్రాల్, అక్క లూయిజా రాసి స్వరపరిచిన పాటను, మంటలూ నర్తకులూ లేకుండా, పోర్చుగీసులోనే మెల్లగా పాడాడు. ఒక్క ముక్క అర్థం కాలేదు, కళ్లు చెమర్చాయి. 758 పాయింట్లు! 1964 నుంచి పోటీపడుతున్న దేశానికి అదే తొలి గెలుపు. జ్యూరీ, ప్రేక్షకులు ఇద్దరూ ఆయన్నే మొదట నిలిపారు.

2023లో లివర్‌పూల్‌లో అలా కుదరలేదు. ఫిన్నిష్‌లో పాడిన ఫిన్లాండ్ గాయకుడు క్యారియాకే ప్రేక్షకుల పాయింట్లు ఎక్కువ వచ్చాయి; జ్యూరీ బలంతో స్వీడన్ గాయని లొరీన్ గెలిచింది. ఆమె గొప్పగా పాడింది, కాదనను. కానీ లక్షలమంది ఓటుకు దేశానికి కొద్దిమంది నిపుణులు సరితూగడం నాకు సమ్మతం కాదు. జ్యూరీ వాటా మూడో వంతుకు తగ్గాలి.