మరవకు పెట్టిన డబ్బు

2021 నవంబరులో నా చేతిలో మూడు లక్షల ఇరవై వేలు ఉన్నాయి. శనగ అమ్మిన డబ్బు కొంత, అమ్మ చీటీ పాడిన డబ్బు కొంత. పోరుమామిళ్ల దగ్గర మా తాత వంకకు అడ్డంగా కట్టించిన కుంట కట్టను మూడడుగులు లేపాలని జేసీబీ ఆయనతో మాట కూడా అయిపోయింది. నీళ్లు ఇంకో నెల నిలిస్తే బావి ఊరుతుంది, చీనీ తోట బతుకుతుంది. కొత్త బోరు ఖర్చు తప్పుతుందని నా లెక్క.

దిగువ ఇంటాయన ఒకటే అడిగాడు: "కట్ట లేపుతావు సరేన్నా, మరవ ఎంత పెడతావు?"

నిండాక మిగులు నీళ్లు పొర్లిపోయే ఆ మరవ నా లెక్కలోనే లేదు. ఆ నెల 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయింది. దిగువ ఊళ్లు పులపత్తూరు, మందపల్లి ఏమయ్యాయో జిల్లా అంతా చూసింది. మట్టికట్ట మీదుగా నీళ్లు పొర్లితే గంటల్లో కోసేస్తాయి. నా కుంట చిన్నదే, కానీ దాని కిందా మూడు ఇళ్లున్నాయి.

కట్ట అంగుళం కూడా లేపలేదు. ఎనిమిదడుగుల మరవను ఇరవై అడుగులు చేసి రాళ్లతో కట్టించాను. లక్షా యాభై వేలు అయింది. కట్ట మీది తుమ్మచెట్లు వేళ్లతో సహా తీయించి, ఎండ్రకాయల బొక్కలు తవ్వించి, జిగట మన్ను వరస వరసకూ తడిపి దిమ్మిస కొట్టించాను. దానికి ఇంకో తొంభై వేలు. వేరు కుళ్లితే ఆ దారినే నీరు ఊరుతుంది. 1369 నాటి పోరుమామిళ్ల చెరువు శాసనం చెప్పిన ఆరు దోషాల్లో కట్ట నుంచి నీరు ఊరడం ఒకటి. వెయ్యిమంది కూలీలతో రెండేళ్లు కట్టించిన చెరువు అది. మా ఊరి పక్కనే ఉన్న శాసనాన్ని డబ్బు ఖర్చయ్యేదాకా నేను పట్టించుకోలేదు, అదే బాధ.

పూర్వం కడప సీమలో దశబంధం ఇనాం ఉండేది. చెరువు తవ్వించి బాగుచేసుకునేవారికి దాని కిందే మాన్యం ఇచ్చేవారు. మరమ్మతు ఖర్చు పంటలోంచే రావాలన్న ఆ పద్ధతి నాకు చాలా నచ్చింది. మిగిలిన ఎనభై వేలు కట్ట పేరున బ్యాంకులో వేశాను. ఏటా చీనీకాయల రాబడిలో పదోవంతు అందులోకే పోతుంది. పెళ్లిళ్లకైనా సరే, దాన్ని ముట్టుకోము.

మొన్నటి వానకు మరవ పారింది. రాత్రి పదకొండుకు టార్చి తీసుకుని నేను పోయేసరికి దిగువ ఇంటాయన అప్పటికే కట్ట మీద ఉన్నాడు. కట్ట అంచుకు ఇంకా రెండడుగుల కిందే ఉన్నాయి నీళ్లు.