ఆది రవిక లేనివాళ్ళు

రవిక కుట్టించుకోవడానికి వెళ్తే మొదట వినబడే మాట "ఆది తెచ్చినావా?" అని. ఒంటికి కుదిరిన పాత రవిక ఒకటి చేతికిస్తే దాన్ని చూసి కొత్తది కత్తిరిస్తారు. టేపు పట్టి కొలిచే పని లేదు, సిగ్గుపడే పనీ లేదు. మన తల్లులు, అమ్మమ్మలు చాలామంది జీవితమంతా అట్లా ఒక మొదటి రవికకి నకళ్ళు తొడుక్కునే గడిపారు. ఒళ్ళు మారినా ఆది మారలేదు. పక్క కుట్లు విప్పుకుంటూ, మళ్ళీ వేసుకుంటూ పోయారు. ఆ ఆది ఎవరు ఇచ్చారు, ఎప్పుడు ఇచ్చారు అని వాళ్ళు అడిగినట్టు నేను వినలేదు.

ఆది లేని ఒక మనిషికి రవిక కుట్టించాల్సి వచ్చింది నాకు. ఆ మనిషి మా అక్క కొడుకు. ముప్పై దాటాడు, బెంగుళూరులో ఉద్యోగం. వాడికి రవిక కావాలి, దాని మీదికి చీర కావాలి, కాలికి సరిగ్గా పట్టే ఎత్తు మడమల చెప్పులు కావాలి. నాటకానికి కాదు, మొక్కుకి కాదు, కాలేజీ వార్షికోత్సవంలో నవ్వించడానికీ కాదు. నెలకో రెణ్ణెల్లకో ఒకసారి, తలుపు వేసుకుని, బాగా కుదిరిన ఆడబట్టలు కట్టుకుని ఒక సాయంత్రం గడపడం వాడికి ఇష్టం.

ఆడమనిషిగా మారాలని ఉందా అని అడిగాను. లేదన్నాడు. మగవాళ్ళ మీద ఇష్టమా అని అడిగాను. అదీ కాదన్నాడు. "ఈ రెండూ నన్ను నేనే శానాసార్లు అడుక్కున్న్యా చిన్నమ్మా" అన్నాడు. స్త్రీవాద సాహిత్యం పాఠాలు చెప్పి, జెండర్ గురించి సదస్సుల్లో పేపర్లు చదివి వచ్చిన నా దగ్గర ఉన్న పేర్లు ఆ రెండు ప్రశ్నలతోనే అయిపోయాయి.

మాది బుక్కరాయసముద్రం. అనంతపురానికీ మాకూ మధ్య చెరువు. పధ్నాలుగో శతాబ్దంలో బుక్కరాయల కాలంలో కట్టిన ఆ చెరువు కట్ట తెగకుండా ఒక కోడలు తనను తాను బలి ఇచ్చుకుందని కథ. కట్టమంచి రామలింగారెడ్డి 'ముసలమ్మ మరణం' ఆమె గురించే. ఊరికి నీళ్ళు కావాల్సి వచ్చినప్పుడు ఆడదాని ఒళ్ళు అడగడం మా ఊరికి కొత్త కాదు, ఆమెకు గుడి కట్టడమూ కొత్త కాదు. అటువంటి ఊళ్ళో మగవాడు ఆడవేషం కట్టడం కూడా ఎప్పుడూ వింత కాలేదు. నా చిన్నప్పుడు పౌరాణిక నాటకం ఆడితే చంద్రమతి మా వీధి రైతే. శెనక్కాయల పొలంలో పొద్దంతా కాసిన ఎండకి కమిలిన చేతులకి పౌడరు పట్టేది కాదు. జనం కాటిసీనులో ఏడ్చేవాళ్ళు. మర్నాడు అదే మనిషి కాడి పట్టుకుని పోతుంటే ఎవరూ నవ్వలేదు.

ఇది మా ఊరి సంగతి మాత్రమే కాదు. తిరుపతి గంగమ్మ జాతరలో మగవాళ్ళు మొక్కు తీర్చుకోవడానికి చీరలు కట్టి, జడలు వేసి, పూలు పెట్టి గుడికి పోతారు. జాయిస్ ఫ్లూకిగర్ అనే పరిశోధకురాలు ఆ జాతర మీద 2013లో ఒక పుస్తకమే వేసింది. ఆదోని దగ్గర సంతేకుడ్లూరులో హోళీ వస్తే మగవాళ్ళు చీరలు, నగలు పెట్టుకుని రతీ మన్మథులకు పూజ చేస్తారు. ఇంట్లో ఆడవాళ్ళే దగ్గరుండి కట్టిస్తారు. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణశర్మ సత్యభామ జడ విసిరితే దేశం 1970లో పద్మశ్రీ ఇచ్చింది. అంతకు ముందే, 1956లో, స్థానం నరసింహారావుకి ఇచ్చింది. ఆయన కట్టు చూసి ఆడవాళ్ళు చీరకట్టు దిద్దుకునేవాళ్ళని పెద్దలు చెప్పుకునేవారు. ఆ పొగడ్త నాకెప్పుడూ కొంచెం చేదుగానే ఉండేది. ఆడవాళ్ళు ఆడవాళ్ళలా ఉండటం ఒక మగవాడి దగ్గర నేర్చుకోవాలన్నమాట! పైగా అదే కాలంలో 'కుటుంబ స్త్రీలు' స్టేజీ ఎక్కితే పరువు పోయేది. మా జిల్లా తాడిపత్రిలో 1880లో పుట్టిన బళ్ళారి రాఘవ స్త్రీపాత్రలు స్త్రీలే వెయ్యాలని పట్టుబట్టాడు. కొమ్మూరి పద్మావతీదేవి వంటి చదువుకున్న స్త్రీలు ఆయన పక్కన నటించారు. కడప జిల్లాలో పుట్టిన సురభి వాళ్ళలోనైతే ఆడవాళ్ళు ఆడవేషాలే కాదు, మగవేషాలూ కట్టారు. రాఘవ పక్షమే న్యాయమని నేను క్లాసులో చెప్తూ వచ్చాను. ఇప్పుడూ అదే అంటాను. కాకపోతే ఆ వాదం స్టేజీ ఎవరిది అన్న దాని గురించి. తలుపు వేసుకున్న గదిలో ఒక మనిషి ఏం కట్టుకుంటాడన్న దానికి అది పనికిరాదు.

దేవుడి కోసమైతే కట్టొచ్చు. కళ కోసమైతే కట్టొచ్చు. 1996లో వచ్చిన 'భామనే సత్యభామనే'లో లాగా విడిపోయిన భార్యాబిడ్డల దగ్గరికి చేరడానికైతే కట్టొచ్చు. టీవీ కామెడీల్లో అయితే వారం వారం కట్టొచ్చు, అక్కడ చీర కట్టిన మగవాడు పెళ్ళాం కింద తన్నులు తినడానికే పుడతాడు. నాకు ఇష్టమై కట్టుకున్నాను అంటే మాత్రం కుదరదు. ఆడబట్ట మీద మగవాడికి ఇష్టం ఉండటమే తప్పు, ఎందుకంటే అది కిందివాళ్ళ బట్ట.

అది కిందివాళ్ళ బట్ట అని ఎట్లా తెలుసు అంటారా? మా పొలాల్లోకి రండి. కలుపు తీసే ఆడవాళ్ళు చీర మీద మగవాళ్ళ నిండు చేతుల చొక్కా తొడుక్కుంటారు. 2006లో మా జిల్లా బండ్లపల్లిలోనే ఉపాధి హామీ మొదలైంది, ఆ మట్టిపనుల్లోనూ అదే యూనిఫారం. మొగుడిదో కొడుకుదో పాత చొక్కా, ఎండకీ ముళ్ళకీ అడ్డం. కాళ్ళకి మగవాళ్ళ హవాయి చెప్పులు. ఏ మగవాడూ ఆ ఆడమనిషిని చూసి నవ్వలేదు, ఏ డాక్టరు దగ్గరికీ తీసుకుపోలేదు. పై మెట్టు బట్ట కింది మెట్టు మనిషి అవసరానికి వాడుకుంటే అది పొదుపు. తిరగేసి చూడండి.

చెప్పుల సంగతి వాడు చెప్పిందే రాస్తాను. మా వైపు భార్యలకి చెప్పులు తెచ్చే మగవాళ్ళు చీపురుపుల్లను పాదం పొడుగుకి విరిచి జేబులో పెట్టుకుపోతారు. ఇరవై రెండేళ్ళప్పుడు వీడూ ఒక పుల్ల విరుచుకుని అనంతపురంలో ఒక చెప్పుల అంగడికి పోయాడు. పుల్ల తన పాదానిది, పేరు లేని ఒక భార్యది. ఆడవాళ్ళ చెప్పులు మన అంగళ్ళలో మామూలుగా ఎనిమిదో నంబరుతో ఆగిపోతాయి. వీడిది మగవాళ్ళ తొమ్మిది. అంగట్లో పిల్లోడు పుల్ల అటూ ఇటూ తిప్పి "ఏమన్నా, మీ ఇంట్లో ఆడమనిషిదేనా ఇది?" అని నవ్వాడంట. పక్కవాళ్ళూ నవ్వారంట. "వాళ్ళు నవ్వింది నన్ను కాదు చిన్నమ్మా, లేని పెండ్లాన్ని. అయినా ఆయమ్మ మీద నాకు శానా జాలి పుట్టింది" అన్నాడు.

ఆ మాట నన్ను పట్టుకుంది. ఆ నవ్వు మా అమ్మ కూడా పడింది. చెప్పుల్లేకుండా ఎర్రమట్టిలో నడిచి పరుచుకుపోయిన పాదం ఆమెది. ఏ ఆడచెప్పూ పట్టలేదు. పెళ్ళిళ్ళకి కూడా మా నాయన హవాయి చెప్పులే, అవీ మండపం బయటే వదిలి చీర అంచుతో పాదాలు కప్పుకుని కూర్చునేది. ఒకే నంబరున్నా ఆడచెప్పు వెడల్పు తక్కువగా కోస్తారు. ఎవరి పాదం చూసి కోస్తారో తెలియదు, మా అమ్మది మాత్రం కాదు.

తర్వాత ఆన్‌లైన్ వచ్చింది. వీడి లాంటివాళ్ళకి అది నిజంగా మేలు చేసింది, అడిగేవాళ్ళు లేరు కాబట్టి. కానీ ఫొటో చూసి కొన్న చెప్పు కాలికి పడుతుందా? మూడు జతలు వెనక్కి పంపాక నాలుగోది పట్టింది. మడమ సన్నగా ఉన్నవి వద్దనీ, వెడల్పు మడమవి తీసుకోమనీ చెప్పింది నేనే. ఎత్తు పెరిగేకొద్దీ ఒంటి బరువంతా వేళ్ళ మొదళ్ళ మీదికి జారుతుంది, ఏళ్ళ తరబడి వేస్తే పిక్క కండరం కురచబడుతుంది. ఇదంతా చెప్తూనే ఒక చిరాకు. ఎత్తు మడమల మీద మనం ఎంత రాశాం! జపాన్‌లో 2019లో యూమి ఇషికావా అనే ఆమె, ఉద్యోగంలో ఎత్తు చెప్పులు తప్పనిసరి చెయ్యొద్దని పిటిషన్ పెడితే వేలమంది సంతకాలు పెట్టారు. వాళ్ళు పెట్టుకున్న 'కూటూ' అన్న పేరులో చెప్పు అన్న మాటా నొప్పి అన్న మాటా రెండూ ఉన్నాయి. మేము విడిపించుకోవాలని చూస్తున్న దాన్ని నువ్వు కోరి తగిలించుకుంటావా అని వాణ్ణి అడిగేశాను. "మీకు తప్పనిసరి చిన్నమ్మా. నాకు కాదు. అందుకే నాకు నొప్పి కనపడదేమో" అన్నాడు. నిజాయితీగల జవాబు. పూర్తి జవాబు కాదు.

చరిత్ర చూస్తే ఎత్తు మడమ మొదట మగవాళ్ళదే. పర్షియా గుర్రపు రౌతులకి రికాబులో కాలు నిలవడానికి పుట్టింది. అక్కణ్ణించి యూరప్ దొరల కాళ్ళకెక్కింది. 1701 నాటి చిత్రంలో ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ ఎర్ర మడమల చెప్పులతో, మేజోళ్ళు కనబడేట్టు కాలు చాపి నిలబడి ఉంటాడు. మగవాళ్ళు వదిలేశాక అది ఆడవాళ్ళకి మిగిలింది. మనకి వచ్చిన చాలా వాటి కథ ఇంతే.

రవిక కోసం మా ఊళ్ళోనే మిషను కుట్టే ఆమె దగ్గరికి తీసుకుపోయాను. మధ్యాహ్నం పూట, ఎవరూ ఉండరని. "ఆది తెచ్చినావాక్కా?" అంది. లేదు, కొలత తీసుకోవాలి, వీడికే అన్నాను. ఆమె వాడి వైపు చూసింది, నా వైపు చూసింది. కత్తెర పక్కన పెట్టింది. "నాటకానికా అప్పా?" అంది.

అది ప్రశ్న కాదు, ఆమె మాకు వేసిన దారి. అవును అంటే సరిపోయేది. నేను అనబోతున్నాను కూడా. వాడే "కాదక్కా, నాకే" అన్నాడు.

కాసేపు మిషను మీద దారపుండ తిప్పుతూ కూర్చుంది. తర్వాత లేచి టేపు నా చేతికిచ్చింది. మగవాడి ఒంటి మీద చెయ్యి వెయ్యడం ఆమెకి ఇబ్బంది. నేను పట్టాను, ఆమె రాసుకుంది. భుజం, ఛాతీ, చంక, చేతి లావు, నడుము. "నాటకానికైతే దూరం నుంచి కనబడితే సాలు, గుడ్డ కుక్కి ఎట్లో ఒగట్ల లాగేస్తాం. తొడుక్కోనీకైతే అట్ల కాదు" అంది. భుజం వెడల్పు కాబట్టి మెడ తక్కువ దింపాలి, లేకపోతే జారుతుంది. ముందు డార్టులు మామూలుగా పెడితే సంచిలా ఖాళీగా వేలాడతాయి, చిన్నవి పెట్టి లోపల మెత్త వేస్తానంది. చంక దగ్గర బిగుతు రాకుండా గుడ్డ వదలాలి, లైనింగ్ వెయ్యాలి. ఆ పదినిమిషాలూ ఆమె ముఖంలో కనబడింది పనిమంతురాలి ఆలోచన ఒక్కటే. వారం తర్వాత ఇచ్చింది. మామూలు కూలీ తీసుకుంది, ఒక్క రూపాయి ఎక్కువ తీసుకోలేదు. ఎవరితోనూ అన్లేదని నాకెట్లా తెలుసంటే, అని ఉంటే మా ఊళ్ళో నాకు సాయంత్రానికే తెలిసేది.

వాడు మా ఇంట్లో తొడుక్కుని చూసుకున్నాడు. భుజాలు వెనక్కి పోయాయి. రవిక కుదిరినప్పుడు మనకీ అంతే అవుతుంది.

చట్టం వీడి గురించి ఏమంటుంది అని వెతికాను. నిజాం రాజ్యంలో 1919లో ఒక చట్టం వచ్చింది. ఆడవాళ్ళ బట్టల్లోనో నగలతోనో వీధిలో కనబడిన హిజ్రాలను వారంటు లేకుండా పట్టుకోవచ్చని దాంట్లో ఉంది. దాన్ని తెలంగాణ హైకోర్టు 2023లో గానీ కొట్టెయ్యలేదు. 2014లో సుప్రీంకోర్టు తమ జెండర్ తామే చెప్పుకునే హక్కు గుర్తించింది. రేవతి జీవితాన్ని పి. సత్యవతి 'ఒక హిజ్రా ఆత్మకథ'గా మనకి తెలుగులో ఇచ్చారు, అది చదివాక మనలో చాలామందిమి మునుపటిలా మాట్లాడలేకపోయాం. ఈ గెలుపులన్నీ ఒళ్ళు హూనం చేసుకుని వీధిలో నిలబడ్డవాళ్ళవి. మా వాడు వీధిలో నిలబడలేదు. పగలు వాడికి మగవాడి జీతం, మగవాడి మర్యాద అన్నీ ఉన్నాయి. వాటిని వదులుకోమని నేను అనలేదు. వాటి సంగతి మర్చిపోవద్దని అన్నాను.

ఎందుకంటే ఆ రోజుల్లోనే మా అక్క వాడికి సంబంధం ఖాయం చేస్తోంది. ధర్మవరం పిల్ల, ఎమ్మెస్సీ చదివింది. పెళ్ళయితే ఇదంతా మానుకుంటానని వాడు. మానుకోలేవని నేను. ఇరవై రెండేళ్ళకి చీపురుపుల్ల విరుచుకుపోయినవాడు ముప్పై మూడేళ్ళకి మానుకుంటాడా? బీరువా పైన దాచిన సంచి ఒకరోజు ఆ పిల్ల కంటబడుతుంది. ఇంకో ఆడమనిషి బట్టలనుకుని ఏడుస్తుంది, లేదా నిజం తెలిసి ఎవరికీ చెప్పుకోలేక ఏడుస్తుంది. నీ గదికి తలుపు నీకు కావాలి, ఆ తలుపు వెనక ఏముందో తెలుసుకోవడం ఆ పిల్లకి కావాలి అన్నాను. "చెప్తే ఒప్పుకుంటుందా?" అన్నాడు. ఒప్పుకోకపోవచ్చు, అది ఆమె ఇష్టం, చెప్పకుండా తాళి కడితే మాత్రం నా దగ్గరికి రావద్దు అన్నాను. రెణ్ణెల్లు నాతో మాట్లాడలేదు.

తర్వాత ఫోన్ చేశాడు. ఆ పిల్లకి చెప్పేశాడంట. ఆమె చాలాసేపు ఏం మాట్లాడలేదంట. తర్వాత రెండే అడిగిందంట, ఎన్నాళ్ళ నుంచి అని, ఇంకా ఎవరికి తెలుసు అని. చెప్పాడు. ఆలోచించుకోవాలి అని పెట్టేసింది.

మూడు వారాలకి వాళ్ళింటి నుంచి కబురొచ్చింది, జాతకాలు కుదరలేదని. ముందే చూపించిన జాతకాలే. మా అక్క వాళ్ళని తిట్టిపోసింది, నేను ఊరుకున్నాను. తనకి సంబంధం తప్పిపోయిందన్న మాట తన మీదే పడుతుందని తెలిసీ ఆ పిల్ల అసలు కారణం వాళ్ళమ్మకి కూడా చెప్పలేదు. ఆమెను నేను చూడలేదు.

మా అక్క ఇంకో సంబంధం చూస్తోంది. ఈసారి పిల్లతో తనే ముందు మాట్లాడతానని వాడు వాళ్ళమ్మకి చెప్పాడు. ఏం మాట్లాడతావురా అంత, అని ఆమె నన్ను అడుగుతోంది.