సముద్రము దాటుటకు ముందు

ఇంగ్లండునుండి మొరాకోకు కారులో పోవలయునని మేము నిశ్చయించుకొంటిమి. 1994లో తెఱచిన సముద్రగర్భ సొరంగములో కారును రైలుపై నెక్కించి ఫ్రాన్సు చేరి, స్పెయిను గడచి, ఆల్జెసిరాస్ రేవున కారుతోగూడ ఓడ నెక్కి జిబ్రాల్టరు జలసంధి దాటవలెను. ఆ జలసంధి మిక్కిలి యిఱుకైన చోట వెడల్పు సుమారు 14 కిలోమీటర్లే. మావారు పటము ముందిడుకొని దూరములు లెక్కించుచుండగా, మేము పాస్‌పోర్టులు విప్పితిమి.

తక్కినవారివి బ్రిటిషువి, అత్తగారిది మాత్రము భారతదేశపుది. ఐరోపాలోని పెక్కు దేశములకు చెల్లు షెంగెన్ వీసాకై వారికి నింపిన దరఖాస్తులో ఒక్కమారు ప్రవేశమునకే గుర్తు పెట్టియుండెను. స్పెయిను రేవు విడిచినతోడనే ఆ ప్రవేశము తీరిపోవును. తిరుగుదారిలో మేము ఓడ యెక్కుదుము. వారు టాంజియరులో నిలిచిపోవలసినదే!

"నా మూలమున మీ కెందుకమ్మా యీ చిక్కు? నే నింటనే యుందును" అనిరి అత్తగారు. మా మనస్సు చివుక్కుమనెను. వెంటనే పలుమార్లు ప్రవేశమునకు దరఖాస్తు మార్చితిమి. మొరాకో వీసాకు వేఱుగా వ్రాసితిమి. కారు బీమా ఆఫ్రికా గడ్డపై చెల్లునో లేదో విచారించితిమి.

దారి తప్పినచో మరలి రావచ్చును. సరిహద్దున కాగితము తప్పినచో మరలుటకే దారి యుండదు. కావున ప్రయాణము తలపెట్టిన సోదరీమణులు పటముకంటె ముందు ఇంటిలో ప్రతివారి పాస్‌పోర్టును చూచుకొనవలెను. పెద్దలది అందఱికంటె ముందు.