నిలుచు గెలుపు

మా పాఠశాల బాస్కెట్‌బాలు జట్టు ఓడిపోవుట మా యూరివారికి వింత కాదు. పందెములకు బోయి సాయంకాలపు బస్సు దిగిన బాలురను జూచి "గెలిచితిరా?" యని యడుగువారు లేరు; "ఎంతలో నోడితిరి?" అనియే యడుగుదురు. భీమునిపట్నము పాతయూరు. గోస్తనీనది సముద్రమును గలియుచోట, ఒకప్పుడు డచ్చివారు వర్తకము సాగించిన రేవు. 1861వ సంవత్సరముననే పురపాలక సంఘము నేర్పరచుకొన్న పట్టణము. 1933లో విశాఖపట్టణపు రేవు దెరువబడిన పిదప తన యోడలన్నియు నటు తరలిపోవుట చూచిన యూరు గనుక, ఓటమిని గూడ నోర్పుతోనే చూచును. ఆ యోర్పు మాకు మేలుకంటె గీడే యెక్కువ చేసినదేమో యని యప్పుడప్పుడు తోచుచుండును.

గెలుపు మాకు బొత్తిగా దెలియదని కాదు. ఒక యేడు దైవవశమున పొడగరులైన బాలురు నలుగు రొక్క తరగతిలోనే యుండిరి. ఆ యేడు మావారు జిల్లా పందెములలో మెప్పు బొందిరి. పిమ్మట మార్చి వచ్చెను, పదవ తరగతి పరీక్షలు వచ్చెను, ఆ నలుగురును నాలుగు కళాశాలలకు బోయిరి. జూలై నెలలో మరల పాతకథయే. ఊరిసంఘముల జట్లకు లేని చిక్కు విద్యాలయముల జట్లకు గలదు. సంఘములో నొక యాటకాడు పదియేండ్లుండవచ్చును. పాఠశాలలో నెంతటి యాటకాడైనను వేసవిసెలవులతో వెడలిపోవలసినదే. ఏటేట ఖాళీయగు కుండను నిండుగా నుంచుట యెట్లు? ఈ ప్రశ్నయే జట్టును జూచుకొను మమ్ము నీ మూడు నాలుగేండ్లుగా వెంటాడుచున్నది. ఇతరులు దీని కేమి సమాధానము చెప్పిరో తెలిసికొన వలెనని వెదకితిమి.

మొదట నీ యాట పుట్టిన యింటికే పోయి చూచితిమి. 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగుఫీల్డు పట్టణమున, వై.ఎం.సి.ఏ. వారి శిక్షణ పాఠశాలలో జేమ్సు నెయిస్మితను నుపాధ్యాయుడు, చలికాలమున లోపల నాడుకొనుటకు దన తరగతిలోని పదునెనమండ్రుగురికి నీ యాటను గల్పించెను. పదియడుగుల యెత్తున రెండు పండ్లబుట్టలు, పదమూడు నియమములు, అంతియే. బుట్టలో బంతి పడినప్పుడెల్ల నొకరు నిచ్చెన యెక్కి తీయవలసి యుండెను. ఆ పదియడుగుల యెత్తు నేటికిని మారలేదు. హ్యారీ క్రో బక్కు అనువారు 1920లో మద్రాసున వై.ఎం.సి.ఏ. వ్యాయామ విద్యాలయమును స్థాపించిరి. దక్షిణదేశపు డ్రిల్లు మేష్టరు లనేకు లచటనే శిక్షణ పొందిరి.

ఇక చదువరులు నవ్వుకొనదగిన సంగతి యొకటి. ఈ యాటను సృష్టించిన నెయిస్మితు 1898లో కాన్సాసు విశ్వవిద్యాలయమునకు బోయి యచటి జట్టును నడపెను. ఆయన గెలిచినవి 55, ఓడినవి 60. ఆ విశ్వవిద్యాలయపు శిక్షకులలో గెలుపులకంటె నోటము లెక్కువగా గలవాడు ఆయన యొక్కడే. ఈ మాట మా చిన్నతరగతుల పిల్లలకు జెప్పినప్పుడు వారికి గలిగిన సంతోషము మేము మరువజాలము. ఐనను కథ యక్కడ ముగియలేదు. ఆయన శిష్యుడు ఫారెస్టు ఆలెను తరువాత నా జట్టును జేపట్టెను. బాస్కెట్‌బాలు ఆడవలసినదే గాని నేర్పదగినది కాదని గురువుగారు శిష్యునితో ననిరని చెప్పుదురు. శిష్యుడు వినలేదు. 1919 మొదలు 1956 వరకు నేర్పుచునే యుండెను. 1952లో దేశమంతటి కళాశాలలలో కాన్సాసే మొదటిదయ్యెను. ఆలెను చేతిక్రింద నాడిన వారిలో నడాల్ఫు రప్పు కెంటకీ విశ్వవిద్యాలయమునకును, డీను స్మితు నార్తు కెరొలైనా విశ్వవిద్యాలయమునకును బోయి, యచట దశాబ్దముల పర్యంతము జట్లను దీర్చిరి.

ఈ డీను స్మితు కథ మాకు మిక్కిలి నచ్చినది. 1961లో నాయన చేరునప్పటికి ఆ జట్టు నియమభంగమునకు శిక్ష ననుభవించుచుండెను. మొదటి యేడు ఎనిమిది గెలుపులు, తొమ్మిది ఓటములు. 1965 జనవరిలో పొరుగూర నోడి వచ్చుసరికి, ఆయన విద్యాలయపు విద్యార్థులే యాయన బొమ్మను జేసి చెట్టుకు వ్రేలాడగట్టి యుండిరి. విద్యాలయమువారు మాత్రము ఆయనను దొలగింపలేదు. 1967, 68, 69 సంవత్సరములలో వరుసగా నా జట్టు దేశమునందలి చివరి నాలుగింటిలో నిలిచెను. ఆయన 1997 వరకు నచటనే యుండి రెండుమారులు దేశవిజేత యయ్యెను. చెట్టునకు బొమ్మ వ్రేలాడినదినమున నా విద్యాలయాధికారులు కోపగించి యుండినచో నీ సంగతులేవియు జరుగవు గదా! తలిదండ్రులలో గొందరీ వాక్యమును రెండుమారులు చదువవలెనని మా ప్రార్థన.

అమెరికా మనకు దూరము. దగ్గరనే యొక బడిపంతులుగారు గలరు. హైదరాబాదులో సయ్యదు అబ్దుల్ రహీముగారు ఉపాధ్యాయవృత్తిలో నుండి ఫుట్‌బాలు నేర్పినవారు. 1943 నుండి హైదరాబాదు ఫుట్‌బాలు సంఘమునకు కార్యదర్శి; 1950 నుండి సిటీ పోలీసు జట్టునకు శిక్షకుడు. ఆ జట్టు బొంబాయి రోవర్సు కప్పును 1950 మొదలు 1954 వరకు వరుసగా నైదుమారులు గెలిచెను. భారతదేశపు జట్టును నాయనయే తీర్చెను. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడలలో బంగారుపతకము వచ్చెను. మరుసటి యేడే హెల్సింకీ ఒలింపిక్సులో యుగోస్లేవియాతో 10–1 గా నోడిరి! మనవారిలో గొందరు చలిదేశములో నుత్తకాళ్లతో నాడిరి. గెలుపు వచ్చుట వేరు, నిలుచుట వేరు అనుటకు దీనికంటె వేరు సాక్ష్యమేల?

ఆ దెబ్బ తిన్నవా డేమి చేసెననునదే చూడదగినది. బూట్లు వేసికొని యాడుట తప్పనిసరి యయ్యెను. అది పైకి గనబడునది. రహీముగారు లోపల జేసిన మార్పు పెద్దది. మనపిల్లలకు బంతి కాలికి దొరికిన, దానిని విడువబుద్ధి పుట్టదు. ఒక్కరే ముగ్గురిని తప్పించుకొని పోవలెననియే కోరిక. బంతిని త్రిప్పుకొనుచు బోరాదను నియమముతో నాయన హైదరాబాదులో ప్రత్యేక పందెములు పెట్టించెను. వచ్చిన బంతిని వెంటనే తోటివానికి పంపవలసినదే. బలహీనమైన కాలితోనే తన్నవలెనని మరియొక యభ్యాసము. ఇవి వినుటకు చిన్నవి. 1956లో మెల్బోర్ను ఒలింపిక్సులో నెవిల్ డిసౌజా మూడు గోలులు చేయగా భారతదేశము ఆస్ట్రేలియాను 4–2 గా గెలిచి, నాలుగవ స్థానమున నిలిచెను. సెమీఫైనలులో మరల యుగోస్లేవియాయే ఎదురయ్యెను. మొదటి గోలు మనవారిదే, తుదకు 4–1 గా నోడిరి. పదికి నాలుగు! నాలుగేండ్లలో సాధించిన యీ వ్యత్యాసమును మేము పతకముకంటె దక్కువగా నెంచము.

1962లో జకార్తా ఆసియా క్రీడలు. మొదటియాటలోనే దక్షిణకొరియాతో 2–0 గా నోటమి. తలకు గాయమై కుట్లు పడిన జర్నైలు సింగును, వెనుక నిలుచు రక్షకుని, రహీముగారు ముందునకు దెచ్చి యాడించిరి. తుదియాటలో నదే కొరియాపై పి.కె. బెనర్జీ యొక గోలు, జర్నైలు సింగొక గోలు. 2–1 గా బంగారుపతకము. సికింద్రాబాదువాడైన తులసీదాసు బలరాము ఆ జట్టులో నుండెను. అప్పటికే రహీముగారి శరీరమున రాచపుండు వ్యాపించి యుండెను. 1963 జూను 11న నాయన గతించిరి.

తరువాత? 1965లో ఆంధ్రప్రదేశ్ జట్టు సంతోష్ ట్రోఫీ గెలిచెను. 1970లో బ్యాంకాకున హైదరాబాదీయుడగు నయీముద్దీను నాయకత్వమున భారతదేశమునకు కాంస్యము లభించెను. అటుపిమ్మట ఆసియా క్రీడల ఫుట్‌బాలులో మనకు పతకమే లేదు. కాంతి యారిపోయిన పిమ్మట దీపపుకుందె కొంతసేపు వేడిగా నుండును. ఈ రెండు గెలుపులు నట్టివని మా యభిప్రాయము. కాన్సాసులో గురువు పోయిన పిదప శిష్యునికి పీఠము సిద్ధముగా నుండెను. రహీముగారి శిష్యులు గొప్పవారే. వారిని గూర్చుండబెట్టి ఆ పద్ధతినే కొనసాగించు నిల్లు మాత్రము మనవారు కట్టలేదు.

ఇల్లు కట్టినవారొకరు తెలుగుదేశమున గలరు. పుల్లెల గోపీచందుగారు 2001లో ఆలింగ్లండు బ్యాడ్మింటను పందెమును గెలిచిరి. అంతకుముందు దానిని గెలిచిన భారతీయుడు 1980లో ప్రకాశ్ పదుకోనె యొక్కరే. ఇరువదియొక్క యేండ్లకొక గెలుపు! ఆయన దానితో దృప్తిపడలేదు. 2003లో ప్రభుత్వమువారు గచ్చిబౌలిలో నైదెకరముల నేల నిచ్చిరి. నిమ్మగడ్డ ప్రసాదుగారు ధనసహాయము చేసిరి. చాలనిదానికి గోపీచందుగారు తమ యిల్లు తాకట్టు పెట్టిరి. 2008లో శిక్షణాలయము దెరువబడెను. తెల్లవారకముందే సాధన మొదలగుట యచటి వాడుక. అక్కడ సాధన చేసిన సైనా నెహ్వాలు 2012లో లండనున కాంస్యము, సింధు 2016లో రియోలో రజతము దెచ్చిరి. గుంటూరు శ్రీకాంతు 2017లో నాలుగు సూపరు సిరీసులు గెలిచెను. 2022 మే నెలలో బ్యాంకాకున, అప్పటికి పదునాలుగుమారులు గెలిచిన ఇండొనీషియాను 3–0 గా నోడించి భారతదేశము థామసు కప్పును మొదటిసారి చేకొనెను. అందు శ్రీకాంతును, అమలాపురపు సాత్విక్ సాయిరాజును గలరు. సాత్వికును చిరాగు శెట్టితో జతపరచినది మలేషియానుండి వచ్చిన టాన్ కిమ్ హర్ అను శిక్షకుడు. వచ్చినవారు పోవచ్చును, ఇల్లుండును. 2024 పారిస్ ఒలింపిక్సులో బ్యాడ్మింటను పతక మొక్కటియు రాలేదు. ఐనను మరునాటి యుదయమున కోర్టులలో చిన్నపిల్లలు లేకపోలేదు.

ఇంతదూరము తిరిగి మా కోర్టునకు వత్తుము. మా కోర్టు సముద్రమునకు దగ్గర. ఉప్పుగాలికి రింగులు తుప్పుపట్టును; ఇసుక గాలితో వచ్చి నేలమీద బరచుకొనును; పొద్దుట నాటకంటె ముందు చీపురు పట్టవలెను. పొడగరులను వెదకుట మేము మానితిమి. ఆరవ తరగతిలో జేరిన పిల్లలందరిని, పొట్టివారిని, బక్కవారిని, ఆడపిల్లలను, మగపిల్లలను, వారమునకు మూడుదినములు రమ్మనుచున్నాము. మంగళవారము ఎడమచేతితోనే యాడవలెను, ఎడమచేతివాటమువారు కుడిచేతితో. శనివారము బంతిని నేలకు గొట్టుట నిషేధము, పంపవలసినదే. రహీముగారి ఫుట్‌బాలు బాస్కెట్‌బాలునకు బనికివచ్చునా యని డ్రిల్లు మేష్టరుగారు మొదట సందేహించిరి. ఇపుడు తామే ఈల యూదుచున్నారు.

పై తరగతి పిల్లలు ఒక్కొక్కరు ఇద్దరేసి చిన్నవారిని జూచుకొనవలెను. మన యుత్తరాంధ్రమున నిది క్రొత్తసంగతి కాదు. ఆమదాలవలస ప్రాంతమునుండి వచ్చి 2000లో సిడ్నీ ఒలింపిక్సున 240 కిలోలెత్తి కాంస్యము దెచ్చిన కరణం మల్లీశ్వరిగారి యింట అక్కచెల్లెండ్రందరును బరువులెత్తుట నేర్చినవారే. చిన్నవారు పెద్దవారిని జూచి నేర్చుకొనునంతగా మా మాటలవలన నేర్చుకొనరు. విశాఖపట్టణమున రేవులోను ఉక్కుకర్మాగారములోను బనిచేయు మా పాతవిద్యార్థులు కొందరు ఆదివారములు వచ్చి చిన్నవారితో నాడుచున్నారు. వచ్చినవారిలో నొకరు పందెమున నొకసారియైనను గెలిచినవారు కారు. నేర్పుటలో నాయనయే మేటి.

ఫలితమేమని యడుగుదురు. పోయిన యేడు ముప్పది తేడాతో నోడిన జట్టుతోనే యీ యేడు తొమ్మిది తేడాతో నోడితిమి. రెండు పందెములు గెలిచితిమి. మెల్బోర్ను లెక్కలు చదివినవారికి మా సంతోషము బోధపడును. ఊరివారికి మాత్రము ఇంకను బోధపడలేదు.

అసలు పరీక్ష ముందున్నది. మొదటి యైదుగురిలో నలుగురు ఈ మార్చిలో పదవ తరగతి ముగించి పోవుచున్నారు. పాతదినములలో నిదియే మా జట్టునకు తద్దినము. ఈసారి వారి చోట నిలువవలసినవారు ఎనిమిది, తొమ్మిది తరగతులలో నున్నారు. మూడేండ్లుగా ఎడమచేతితో బంతి విసరినవారు. వారిలో నిద్దరిని చదువు చెడునని యింటివారు మాన్పింపజూచుచున్నారు. ఉదయము ఆరుగంటలనుండి ఏడుగంటల వరకే మేము వారిని గోరుచున్నాము. ఏడున్నరకు వారు పుస్తకములముందు గూర్చుండవచ్చును. ఈ సంగతి మాటలాడుటకు వారి యిండ్లకు రాదలచితిమి. తలుపు తీయవలెనని వేడుచున్నాము.

జట్టునాయకుడు వ్రాయు నోటుబుక్కొకటి గలదు. ఏ యాటలో నేమి తప్పినది, ఎవరి కేది నేర్పవలసి యున్నది, రింగులకెప్పుడు రంగు వేసితిమి, అన్నియు నందుండును. పోవు నాయకుడు దానిని వచ్చు నాయకునికి ఒప్పగించి పోవలెను. ఈసారి యది తొమ్మిదవ తరగతి బాలిక చేతికి వచ్చినది. ఆమె మొదటిపుటలో, పడమటివైపు రింగు వంగియున్నదనియు, జూను లోపల బాగుచేయింపవలెననియు వ్రాసినది.