ఆటోనగర్‌కి మోసుకెళ్లిన మూడు నాజిళ్లు

జులైలో కాలువకి నీళ్లొచ్చాయి. నారు సిద్ధంగా ఉంది. దమ్ము చేయాల్సిన మా పాత ట్రాక్టర్ మాత్రం పొద్దున్నే ఓ పట్టాన స్టార్ట్ కాదు, అయ్యిందంటే నల్లటి పొగ. అప్పుడు నేను గుడివాడ పక్కన మా ఊళ్లో వర్క్ ఫ్రమ్ హోమ్‌లో ఉన్నా. “మెకానిక్ ఎందుకు నాన్నా, నేను చూస్తాగా” అన్నా. ఇంజినీరింగ్ చదివిన ధైర్యం!

ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు ఒక్కో ఇంజెక్టర్ పైపు నట్టు కాస్త వదులు చేయాలి. ఇంజిన్ శబ్దం మారితే ఆ సిలిండర్ పనిచేస్తున్నట్టు. మారకపోతే దొంగ అదే. మాకు రెండోది దొరికింది. అక్కడితో ఆగాల్సింది. ఎలాగూ విప్పాం కదా అని మూడూ ఊడదీశా. అరుగు మీద పేపర్ పరిచి, ఒకే గిన్నెలో డీజిల్ పోసి, నాజిళ్లన్నీ అందులో కడిగేశా. ఇత్తడి బ్రష్‌తో మసి రుద్ది, కొత్త రాగి వాషర్లు వేసి బిగించా. స్టార్ట్ చేస్తే పొగ రెట్టింపైంది.

నాన్న ఏమీ అనలేదు. అద్దె ట్రాక్టర్ కోసం బయల్దేరారు. తిట్టినా బాగుండేది.

మర్నాడు మూడు ఇంజెక్టర్లనీ గుడ్డలో చుట్టుకుని విజయవాడ వెళ్లా. బెంజ్ సర్కిల్ నుంచి బందరు రోడ్డులో పటమట దాటితే ఆటోనగర్ గేటు. లోపలికి అడుగుపెడితే వేరే ప్రపంచం. క్యాబిన్ లేని లారీలు, వెల్డింగ్ నిప్పురవ్వలు, కమాను కట్టల మీద సుత్తి దెబ్బలు, పెయింట్ వాసన. ఇంత గోలలోనూ డీజిల్ పంపు షాపు మాత్రం వేరు. తలుపు వేసి ఉంటుంది, బల్ల తుడిచి ఉంటుంది. దుమ్మే వీళ్ల శత్రువు.

మేస్త్రీ ఒక నాజిల్ విప్పి, సూదిని మూడో వంతు పైకి లాగి, కాస్త వాల్చి వదిలాడు. సొంత బరువుకి అది నెమ్మదిగా జారాలి. నాది మధ్యలోనే ఇరుక్కుంది. రెండోదేమో టక్కున పడిపోయింది.

“మూడూ ఒకే గిన్నెలో కడిగావా బాబూ?”

తలూపా.

అసలు విషయం ఇది: సూది, దాని గొట్టం ఫ్యాక్టరీలోనే జంటగా అరగదీస్తారు. మధ్య ఖాళీ రెండు నుంచి నాలుగు మైక్రాన్లు. మన వెంట్రుక మందం సుమారు 70. చూడ్డానికి ఒకేలా ఉన్నా ఒకదాని సూది ఇంకోదానికి పనికిరాదు. నేను జంటలన్నీ కలిపేశా.

తర్వాత చేతి టెస్టర్‌కి బిగించి లివర్ కొట్టాడు. మా రకానికి సుమారు 200 బార్ దగ్గర తెరుచుకోవాలి. కారు టైరులో గాలికి దాదాపు వంద రెట్లు! సరిగ్గా ఉంటే కిర్రుమంటూ పొగమంచులా చిమ్ముతుంది. నాది పిచికారీలా కారింది. దగ్గరగా చూద్దామని చెయ్యి పెట్టబోతే గట్టిగా అరిచాడు. ఆ ధార చర్మంలోంచి లోపలికి దూరిపోతుంది. పైకి సూది గుచ్చినట్టే కనిపించినా వెంటనే ఆసుపత్రికి పరిగెత్తాల్సిందే.

మూడు సూదులు, మూడు గొట్టాలు: ఆరు అమరికలు. ఓపిగ్గా అన్నీ చూసి రెండు జంటల్ని కలిపాడు. రెండో సిలిండర్‌ది ముందే అరిగిపోయింది, దానికి కొత్త నాజిల్. స్ప్రింగు పైన పల్చటి షిమ్ములు మార్చి ప్రెషర్ సరిచేశాడు.

కాబట్టి ఇంట్లో చేయాలనుకుంటే పాత మెకానికల్ రకమే ముట్టుకోండి. ఒక్కోదానికీ నంబరు, వేరే గిన్నె. విప్పిన పైపుల చివర్లు మూసేయండి. బిగించే ముందు టెస్టర్ మీద తప్పకుండా చూపించండి. కొత్త కామన్ రైల్ బళ్ల జోలికి వద్దు. వాటి ప్రెషర్ 1,600 బార్ దాటుతుంది. చాలావాటికి ఇంజెక్టర్ కోడ్‌ని బండి కంప్యూటర్లో ఎక్కించాలి కూడా.

సాయంత్రానికి ట్రాక్టర్ ఒక్క సెల్ఫ్‌కే అందుకుంది. అప్పటికే అద్దె ట్రాక్టర్ ఎకరం దమ్ము చేసేసింది. ఆ డబ్బు నా లెక్కలో వేసుకున్నా.

ఇప్పుడు మా షెడ్డులో మూడు పాత స్టీలు గ్లాసులున్నాయి. వాటి మీద పెయింట్‌తో 1, 2, 3 అని నాన్నే రాశారు.